కన్నీళ్లంత ఉప్పు

మొన్న మా మనవరాలిని ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. పూతల కాలం వస్తే చాలు, ఆ పిల్లకు తుమ్ములు, కళ్ల దురద, మూసుకుపోయిన ముక్కు. కుర్ర డాక్టరు మందులు రాశాడు. రాసి, బల్ల సొరుగులోంచి పొడుగాటి కొమ్మున్న తెల్ల ప్లాస్టిక్ చెంబు ఒకటి తీసి మా ముందు పెట్టాడు. మందులతో పాటు రోజూ పొద్దున్నే కాచి చల్లార్చిన గోరువెచ్చటి ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవాలట. ఆ తర్వాత కాసేపు ప్రాణాయామం చెయ్యాలట.

"ఉప్పు ఎంత వెయ్యాలి అమ్మమ్మా?" అని పిల్ల డాక్టరును అడగకుండా నన్నడిగింది.

"కన్నీళ్లంత" అన్నాను.

డాక్టరు నా వైపు తిరిగి, "ఎంత బాగా చెప్పారండీ! ఇకనుంచి నేను కూడా అందరికీ ఇదే చెబుతాను" అన్నాడు. పిల్లను అక్కడే కూర్చోబెట్టి బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ఆ మాట నాది కాదు. నలభై ఏళ్ల కింద జహీరాబాద్‌లో ఒక ముసలాయన చెప్పిన మాట. అది నా మాటలా నా నాలుక మీద మిగిలిపోయిందని అప్పటిదాకా నాకు కూడా తెలియదు. ఉమ్మేద్దామన్నా పోని మాట.

ఆయన పేరు రాయను. పేరు రాస్తే గౌరవించినట్టు అవుతుంది. ఊళ్లో అందరూ గిర్దావర్ సాబ్ అనేవారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఊరూరూ తిరిగి ఏ చేలో ఏ పంట ఉందో చూసి, పహాణీ కాగితాలు తనిఖీ చేసే గిర్దావరు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. న్యాల్‌కల్ వైపు భూములున్న కుటుంబం. చాలా ఏళ్ల తర్వాత ఆయన పోయిన కబురు నాకు బస్టాండులో తెలిసింది. "అయ్యో" అనాల్సిన చోట నేను "ఊఁ" అన్నాను. చెప్పినావిడ నా ముఖం వింతగా చూసి వేరే సంగతి ఎత్తుకుంది.

జహీరాబాద్‌లో ఆడపిల్లల బడిలో నాకు టెంపరరీ టీచరు ఉద్యోగం వచ్చిన కొత్త. ఎనభైలు అప్పుడే మొదలయ్యాయి. మాది రాయికోడ్ దగ్గర పల్లె. మా నాయన అక్కడ మిషన్ బడిలో పంతులు. నా తర్వాత ఇద్దరు చెల్లెళ్లు చదువుకుంటున్నారు. వాళ్ల ఫీజులు నా ఉద్యోగం మీద ఆధారం. ఆ ఉద్యోగం నా ముక్కు మీద ఆధారం. నవ్వులాట కాదు, నిజంగానే అంతవరకు వచ్చింది.

ఆ ఏళ్లలోనే మా వైపు వయ్యారిభామ దిగింది. తెల్లటి చిన్న పూల పిచ్చిమొక్క. రైలు పట్టాల పక్కన, బడి గోడ వెంట, లారీలు పోయే బంబాయి రోడ్డు పొడవునా ఎక్కడ చూసినా అదే. వానలు తగ్గి అది పూతకొచ్చిందంటే నాకు మొదలు. ఒక్క దమ్మున పదిహేను, ఇరవై తుమ్ములు. పాఠం మధ్యలో నేను కొంగు అడ్డం పెట్టుకుని వంగిపోతే, ఆరో తరగతి పిల్లలు "ఒకటి, రెండు, మూడు" అని పైకే లెక్కపెట్టేవాళ్లు. కళ్లు ఎర్రగా వాచిపోయి, ముక్కు కారుతూ, నన్ను చూస్తే నాకే రోతగా ఉండేది. దవాఖానలో ఇచ్చిన గోలీలు వేసుకుంటే తుమ్ములు తగ్గేవి కానీ నిద్ర ముంచుకొచ్చేది. ఒకరోజు కుర్చీలోనే కూరుకుపోయి గురక కూడా పెట్టానట.

పెద్ద టీచరమ్మ నన్ను గదిలోకి పిలిచింది. "ఇది క్షయ గాదు గద టీచరమ్మా? పిల్లల తల్లులు అడుగుతున్నరు" అంది. క్షయ కాదన్నాను. "క్రిస్మస్ సెలవులకు ముంగట ఇన్‌స్పెక్టర్ సార్ వస్తున్నడు. నీ పాఠం ఇని రిపోర్టు రాస్తడు. అప్పటిదాక మంచిగ జేసుకో. ఆయన ముంగట గిట్ల తుమ్మితె నేనేం జెయ్యలేను, మొదలే చెప్తున్న" అంది. నలభై అయిదు నిమిషాలు తుమ్మకుండా ఒక పద్యం చెప్పగలిగితే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే రాయికోడ్ బస్సు ఎక్కడమే.

నా జాకెట్లు కుట్టే దర్జీ నర్సింలు దారి చూపించాడు. "గిర్దావర్ సాబ్ దగ్గరికి పోండ్రి టీచరమ్మా. నాకు బట్టల నూగుతోని గిట్లనే ఉండె. ముక్కుల నీళ్లు పోపిచ్చి, దమ్ము తీసుడు నేర్పిండు. ఇప్పుడు సూదిల దారం ఎక్కిస్తుంటె ఒక్క తుమ్ము రాదు. పైసలు గూడ తీస్కోడు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. బడి వెనక సందులో పెద్ద పెంకుటిల్లు, ముందర విశాలమైన వాకిలి, ఒక పక్క పశువుల కొట్టం. ఆయన మోకాళ్ల పైకి పంచె ఎగ్గట్టి, ఒంటి మీద ఇంకేం లేకుండా వాకిట్లో నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి. ముక్కు మాత్రం పొడుగ్గా, రోజూ కడిగి కడిగి పుటాలు గులాబీ రంగు తేలి, ఆ ముఖంలో అదొక్కటే కొత్తగా కొనుక్కొచ్చి పెట్టినట్టు ఉంది. నన్ను పది అడుగుల దూరంలో నిలబెట్టి అడగడం మొదలుపెట్టాడు.

"ఏ నెలల షురూ అయితది?"

"దసరా ముంగట సార్."

"జొన్న పూతకొచ్చినప్పుడు చేన్ల నిలవడితె?"

"ఏం గాదు సార్. మా ఊరంత జొన్ననే."

"బడికి ఎటువంక నుంచి వస్తవు?"

"రైలు పట్టాల పొంటి సార్."

"అయితె నీది జొన్న పూత గాదు, చెరుకు పూత గాదు. వయ్యారిభామ. దాని దుమ్ము కంటికి గానరాదు. ముప్పై ఏండ్లు పంటలు జూసిన బిడ్డా, ఏ పూత ఏ గాలికి లేస్తదో నాకెరుక" అన్నాడు. నన్ను ఎండకు ఎదురుగా తల ఎత్తమని, దూరం నుంచే కళ్లు చికిలించి చూశాడు. "ఎడమది తరి, కుడిది ఖుష్కీ. మూడు నెలల్ల రెండు బరాబర్ జేస్త. ఫికర్ జెయ్యకు."

నీళ్లు పారే భూమి తరి, వాన కోసం ఎదురుచూసే భూమి ఖుష్కీ. జీవితమంతా భూములకు రాసిన మాటలు ఆయన మనుషుల ముక్కులకు రాసేవాడు. నాకు నవ్వొచ్చింది, నమ్మకం కూడా వచ్చింది. దవాఖానలో నన్ను ఎవరూ ఇన్ని మాటలు అడగలేదు. ఆఖరున మా ఊరేదో, నాయన ఏం చేస్తాడో అడిగాడు. చెప్పాను. "మంచిది, మంచిది" అని తల ఊపి, కొట్టం పక్కన చాప వేసుకొమ్మన్నాడు. "గాలి ఆడ మంచిగుంటది" అన్నాడు.

ఇక ఆ వాకిలి సంగతి. అన్నం తినబోయేవాళ్లు ఈ నాలుగు మాటలు దాటేసి చదువుకోవచ్చు.

మేం అయిదారుగురం. నర్సింలు, ఒక కిరాణా సేటు, ఒక బ్యాంకు గుమాస్తా, ఇంకా ఒకరిద్దరు. మధ్యలో పీట మీద నాలుగు రాగి చెంబులు, పక్కకు కొమ్ములున్నవి. ఎవరికి దొరికింది వాళ్లు తీసుకుని, తల పక్కకు వంచి, ఒక ముక్కులో నీళ్లు పోసి రెండో ముక్కులోంచి వదలాలి. సేటు ముక్కులోంచి వచ్చిన కొమ్ము నర్సింలు ముక్కులోకి. మధ్యలో బూడిదతో ఒక తోముడు, అంతే. ఆ తర్వాత వంగి నిలబడి, పొట్ట లోపలికి గుంజుతూ ఊపిరి బయటికి కొట్టాలి. ముక్కుల్లో ఉన్నదంతా గోడ వారగా బూడిద పోసిన కాలువలో పడాలి. అప్పుడు గిర్దావర్ సాబ్ చేతికర్ర పట్టుకుని కాలువ వెంట బయలుదేరేవాడు. చేను గట్టు మీద నడిచినట్టు మెల్లగా నడుస్తూ, ఒక్కొక్కరి ముందు ఆగి, కర్ర కొనతో కెలికి చూసి, "నీది పచ్చగున్నది, నిన్న పెరుగు తిన్నవ్" అనేవాడు. "సేటూ, నీది తీగ సాగుతున్నది, ఇంక వారం వడతది." నాది చూసి, "తెలుపైంది, మంచిగైంది" అనేవాడు. ఆ కర్రనే తర్వాత గడప దగ్గర ఆనించి లోపలికి పోయి ఉప్మా తినేవాడు. ఉప్మా తింటూ కూడా అదే మాట. ఎవరిది ఎంత చిక్కగా ఉందో నోట్లో ముద్ద పెట్టుకుని చెప్పేవాడు.

మైనం పట్టించిన నూలు దారం ఒకటి ఉండేది. దాన్ని ముక్కులో దూర్చుకుని, గొంతులోకి వేళ్లు పెట్టి, నోట్లోంచి బయటికి లాగేవాడు. లాగి అటూ ఇటూ నడిపేవాడు, జంద్యం సవరించుకున్నంత సులువుగా. అది అయ్యాక కడిగి, భార్య చీరలు ఆరేసిన దండెం మీదే ఆరేసేవాడు. ఆవిడ చీర పక్కకు జరుపుకునేది. "ఈయనతోని కూసోని బువ్వ తిని పదేండ్లయింది బిడ్డా" అని ఒకసారి నాతో అంది. ఆ ఇంట్లో నాకు నచ్చిన మాట అదొక్కటే.

ఆయనకు అసహ్యం అనేది పుట్టుకతోనే లేదనుకునేదాన్ని. వరండా స్తంభానికి ఒక చోట నునుపుగా మెరుపు ఉండేది. ఏళ్ల తరబడి ఆయన బొటనవేలు తుడిచిన చోటు అది. కొత్తవాళ్లు తెలియక దాన్నే పట్టుకుని నిలబడేవాళ్లు.

నీళ్లలో ఉప్పు సరిగ్గా లేకపోతే ముక్కులో మంట పుడుతుంది. అందుకని ప్రతివాళ్ల చెంబులో ఆయన చిటికెన వేలు ముంచి, నాలుక మీద రాసుకుని చూసేవాడు. "జర తక్కువున్నది", "ఇగ పోసుకో" అంటూ వరసగా అందరి చెంబుల్లోనూ అదే వేలు. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాలుగడుగుల దూరంలో ఆగేవాడు. "నువ్వే జూస్కో టీచరమ్మా, చదువుకున్నదానివి. కన్నీళ్లంత ఉప్పుండాలె, గంతే" అనేవాడు.

నాకు వేరే చెంబు. రేకుతో కొత్తగా చేయించాడు. కొట్టం గుంజకు మేకు కొట్టి దానికి తగిలించాడు. "నీకోసమే చేయించిన" అన్నాడు. ఆ రాగి చెంబుల్లో నాకు వాటా లేదని, ఆ వేలు నా నీళ్లలో పడదని నేనెంత సంబరపడ్డానో! ఇంటికి ఉత్తరం కూడా రాశాను. ఇక్కడొక పెద్దాయన నా ముక్కుకు వైద్యం చేస్తున్నాడు, నన్ను అందరికంటే ఎక్కువగా చూస్తున్నాడు అని. ఆ ఉత్తరం మా నాయన చదివి ఏమనుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

తెలియని దాన్నా అంటే, కాదు. మా ఊళ్లో బావి దగ్గర పైనుంచి పోస్తే దోసిట్లో పట్టి తాగినవాళ్ల పిల్లనే. కానీ ఊరి చీమిడంతా కర్రతో కెలికే మనిషికి ఇంకో మైల కూడా ఉంటుందని నాకు తోచలేదు. నా కళ్లు ఎప్పుడూ ఆ కాలువ మీదే ఉండేవి. అసహ్యమంతా అక్కడే ఉందనుకున్నాను.

ఇంకొక సంగతి ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. ఆ వైద్యం పనిచేసింది. నీళ్లయ్యాక ఆయన మమ్మల్ని వెన్ను నిటారుగా కూర్చోబెట్టి, "ఎడమతోని తీస్కో, కుడితోని ఇడువు. మెల్లగ. నీ ముక్కు ముంగట దూది పెట్టినా కదలొద్దు" అనేవాడు. ఆఖరున పెదాలు మూసి, గొంతులో తుమ్మెదలా రొద చేయించేవాడు. అది చేస్తుంటే నుదురు, దవడలు, ముక్కు మొదలు అన్నీ సన్నగా అదిరి, లోపల తలుపులు తెరుచుకున్నట్టుండేది. రైలు పట్టాల దారి మానిపించి బజారు మీదుగా నడిపించాడు. కిటికీ పక్కన తడిబట్ట కట్టమన్నాడు. బడి నుంచి రాగానే ముఖం, తల వెంట్రుకలు కడుక్కోమన్నాడు. నెల తిరిగేసరికి ఇరవై తుమ్ములు అయిదయ్యాయి. రెండు నెలలకు ఒకటీ అరా. పిల్లలకు లెక్కపెట్టే పని లేకుండా పోయింది. బజారులో కాలుతున్న మక్కకంకి వాసన ఆ ఏడు మళ్లీ నా ముక్కుకు తగిలింది. ఆ రోజు రోడ్డు మీదే నిలబడి మూడు కంకులు తిన్నాను.

ఇన్‌స్పెక్షన్ ఇంకా పన్నెండు రోజులు ఉందనగా దూడ కట్టు తెంచుకుని గుంజకు రాసుకుంది. నా రేకు చెంబు కింద పడి, దాని కాలి కింద నలిగి, కొమ్ము ఊడిపోయింది. గిర్దావర్ సాబ్ లోపలెక్కడో ఉన్నాడు. నా నీళ్లు చల్లారిపోతున్నాయి. పీట మీద రాగి చెంబొకటి ఖాళీగా ఉంది, అప్పుడే సేటు వాడి పెట్టింది. కళ్లు మూసుకుని, సేటు ముక్కును తలచుకోకుండా, దాన్ని చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి తోమి, వేడినీళ్లు పోసి కడిగి వాడాను. అయ్యాక మళ్లీ అంత శుభ్రంగానూ తోమి పీట మీద బోర్లించాను. తల ఎత్తేసరికి ఆయన గడపలో నిలబడి చూస్తున్నాడు. "కానీ, కానీ" అని చెయ్యి ఊపాడు. నా అసహ్యాన్ని నేను గెలిచానని ఇంటికి పోతూ మురిసిపోయాను కూడా.

ఆ సాయంత్రమే ఇంకో రేకు చెంబు కొనుక్కుని, మర్నాడు అందరికంటే ముందే వెళ్లాను. కొట్టం వెనక పొగ వస్తోంది. గిర్దావర్ సాబ్ భార్య, మేమంతా అమ్మ అనేవాళ్లం, పిడకల నిప్పుల ముందు గొంతుకూర్చుని, పట్టకారుతో ఏదో తిప్పుతోంది. నిన్న నేను వాడిన రాగి చెంబు. ఎర్రగా కాలి, పైన నల్లటి మచ్చలు తేలుతున్నాయి.

"ఏమైందమ్మా దానికి?" అన్నాను.

ఆవిడ ఉలిక్కిపడింది. "ఏం లేదు బిడ్డా. గలీజైంది."

"నేను మంచిగ తోమి పెట్టిన గదమ్మా. వేడినీళ్లు గూడ పోసిన."

ఆవిడ నా ముఖంలోకి చూసింది. చూసి పట్టకారు కింద పెట్టింది. "తోముతె పోయేది గాదు బిడ్డా ఇది. నీ ముక్కుకేం లేదు, అందర్లకంటె నీదే శుభ్రం. సారుకు పట్టింపు. నిప్పుల కాల్చినంకనే ముట్టుకుంటనన్నడు. నువ్వు తెల్వనట్టె ఉండు. నీ పని అయ్యేదాక జర ఓపిక వట్టు."

తల కొట్టేసినట్టయింది. పది అడుగుల దూరం, కొట్టం పక్కన చాప, గుంజకు మేకు, నాలుగడుగుల దగ్గర ఆగిపోయే చిటికెన వేలు అన్నీ ఒక్కసారిగా వరసలో నిలబడ్డాయి. నా చీమిడికి లేని మైల నా చేతికి ఉంది. దాన్ని కర్రతో కెలికి "తెలుపైంది" అని మెచ్చుకున్న మనిషి, నేను పట్టుకున్న రాగిని నిప్పుల్లో వేయించాడు. అంతకుముందు రెండు నెలలుగా ఆ వాకిట్లో నాకు కలిగిన రోతంతా కలిపినా ఆ క్షణం ముందు దిగదుడుపే. కొట్టం గోడ పట్టుకుని వాంతి చేసుకున్నాను.

అంతలో ఆయన వచ్చాడు, కొత్త పంచెలో, నవ్వుకుంటూ. "ఏం టీచరమ్మా, జల్ది వచ్చినవ్? కడుపు ఖాళీ అయిందా? మంచిదే, కఫం పోతది. కూసో, గాలి మంచిగున్నది" అన్నాడు.

కూర్చున్నాను.

నలభై ఏళ్లుగా నాకు మింగుడు పడనిది ఇదే. ఆ చెంబు ఆయన ముఖాన కొట్టి రాలేదు. చాప వేసుకుని, నిటారుగా కూర్చుని, ఎడమతో తీసుకుని కుడితో వదిలాను. ఆ మర్నాడు ఇంట్లోనే చేసుకుందామని చూశాను. నీళ్లు గొంతుకు అడ్డంపడ్డాయి, కళ్ల వెనక మంట పుట్టింది, ఊపిరి నిలవలేదు. ఆ రోజు బడిలో పదిహేడు తుమ్ములు. పిల్లలు మళ్లీ లెక్క మొదలుపెట్టారు. పెద్ద టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి చూసి పోయింది. తర్వాతి రోజు తల దించుకుని మళ్లీ అదే వాకిట్లోకి వెళ్లాను. ఆయన "నిన్న రాలేదేం? ఒక్క పొద్దు తప్పితె మల్ల మొదటికొస్తది. నాదీ గీ తుమ్ముల ముక్కే, ఇరవై ఏండ్ల సంది నేను ఒక్క దినం తప్పలె" అని మందలించాడు. "తప్పయింది సార్" అన్నాను. తప్పయింది అన్నాను! ఆయన మీద ఎంత అసహ్యమో, ఆ రెండు మాటలన్న నా నోటి మీద కూడా అంతే.

మిగిలిన రోజులు అలాగే కూర్చున్నాను. అమ్మ నా వైపు చూసేది కాదు.

ఇన్‌స్పెక్టర్ వచ్చిన రోజు గాలి పట్టాల వైపు నుంచే వీస్తోంది. కిటికీలు మూయించడానికి వీల్లేదు. వెనక బెంచీలో ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను పద్యం రాగం తీసి చదివాను, పదాలు విడగొట్టాను, పిల్లలతో చెప్పించాను. మధ్యలో ఒకసారి ముక్కు మొదట్లో ఆ పాత దురద పుట్టింది. బోర్డు వైపు తిరిగి, సుద్దముక్కతో మెల్లగా రాస్తూ, పెదాలు మూసి గొంతులో సన్నగా రొద చేశాను. దురద దిగిపోయింది. గంట కొట్టారు. ఇన్‌స్పెక్టర్ లేస్తూ "గొంతు బాగుందమ్మా" అన్నాడు. పెద్ద టీచరమ్మ నా భుజం తట్టింది. నేను స్టాఫ్ గదిలోకి పోయి ఏడ్చాను. సంతోషానికని అందరూ అనుకున్నారు.

మర్నాడు పొద్దున ఆ వాకిట్లోకి వెళ్లేసరికి కబురు నాకంటే ముందే చేరింది. నర్సింలు చెప్పి ఉంటాడు. అందరూ వరసలో కూర్చుని ఉన్నారు. గిర్దావర్ సాబ్ వాళ్ల ముందు నిలబడి, తన సొంత ఇత్తడి చెంబులో ఉప్పు కలుపుతున్నాడు. అది తాతల నాటి చెంబు. దాని కొమ్ము కొనను తన ముక్కుకు తగ్గట్టు అరగదీయించుకున్నాడు. ఆ కొమ్ము తప్ప ఇంకేదీ తన ముక్కుకు పట్టదని, దాన్ని ఇంకెవరినీ తాకనివ్వనని చెప్పేవాడు. నన్ను చూడగానే ముఖమంతా వికసించింది.

"చూసిన్రా? ఇన్‌స్పెక్టర్ ముంగట ఒక్క తుమ్ము లేదు! వచ్చిననాడు ఎట్లుండె, ఇయ్యాల ఎట్లున్నది! నా చేతిల వడ్డది గాబట్టి బాగువడ్డది" అన్నాడు.

నా చేతిల వడ్డది అన్నాడు. రెండున్నర నెలల్లో నా నీడ కూడా పడనివ్వని చెయ్యి అది.

నేను చాప వేసుకోలేదు. కొట్టం వైపు పోలేదు. తిన్నగా ఆయన దగ్గరికి నడిచాను. ఆ పది అడుగులు, ఆ నాలుగడుగులు దాటి, ఆయన ఊపిరి నాకు తగిలేంత దగ్గరికి వెళ్లి, ఆయన చేతిలోని ఇత్తడి చెంబులో నా చిటికెన వేలు ముంచాను. తీసి నాలుక మీద పెట్టుకున్నాను. తొందరేం పడలేదు. ఆయన చేసినట్టే కాస్త ఆలోచించాను.

"బరాబర్ ఉన్నది సార్. కన్నీళ్లంతనే ఉన్నది. ఇగ పోసుకోండ్రి" అన్నాను.

ఎవరి చీమిడి కెలికినా చెక్కుచెదరని ఆ ముఖం మొదటిసారి వంకర పోయింది. పుల్లటిదేదో కొరికినట్టు పెదాలు లోపలికి పోయాయి. అసహ్యం ఎలా ఉంటుందో ఆయన ముఖం మీద అప్పుడు చూశాను. పోసుకుంటే మైల. పారబోస్తే, ఇన్నాళ్లుగా "నా బిడ్డలసొంటోళ్లు" అని చెప్పుకున్న శిష్యుల ముందు ఆ మాట పోతుంది. చెంబు ఆయన చేతిలో అలాగే ఉంది.

"పోసుకోండ్రి సార్, నీళ్లు సల్లారుతయి" అన్నాడు నర్సింలు. వాడికి ఏమీ తెలియక అన్నాడో, అంతా తెలిసే అన్నాడో ఈనాటికీ నాకు తెలియదు.

గిర్దావర్ సాబ్ చెంబు పీట మీద పెట్టి, "ఇయ్యాల నాకు ఒంట్ల బాగలేదు" అని లోపలికి పోయాడు. గడపలో అమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది. నన్ను చూసింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వచ్చేశాను. మళ్లీ ఆ వాకిలి తొక్కలేదు. తర్వాతి జీతానికి బజారులో రాగి చెంబు ఒకటి కొనుక్కుని కొమ్ము వేయించుకున్నాను. ఇప్పటికీ పూతల కాలంలో రోజూ వాడతాను. వాడిన ప్రతి పొద్దూ ఆయన గొంతు వినిపిస్తుంది, ఎడమతోని తీస్కో అని. ఆయన ఇచ్చింది తీసి పారేద్దామంటే ఊపిరి ఆపుకోవాలి కదా.

ఆ రోజు మాత్రం గదికి పోయి, తల దువ్వుకుని, ఎప్పటిలాగే బడికి బయలుదేరాను. బడి గేటు దగ్గరికి వచ్చేసరికి వెనక సందులోంచి తుమ్ము వినిపించింది. ముసలి తుమ్ము. దాని వెనక ఇంకొకటి. ఆ ఇంట్లో అంతకుముందు ఎన్నడూ వినని చప్పుడు అది. ఆగాను. గోడ వెంట వయ్యారిభామ తెల్లగా విరగబూసి ఉంది. మా ఆరో తరగతి పిల్లలు నాకు లెక్కపెట్టినట్టే నేను పైకి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. పదకొండు దాకా వచ్చేసరికి బడి గంట కొట్టారు. ఎడమ ముక్కుతో ఊపిరి తీసుకుని, కుడి ముక్కుతో మెల్లగా వదిలి, పాఠం చెప్పడానికి లోపలికి పోయాను.